మెమ్స్ అద్దంతో లేజర్ చుక్కను వణకకుండా తిప్పడం ఎలా?

కావలసినవి: ఎలక్ట్రోస్టాటిక్ మెమ్స్ అద్దం (వోల్టేజ్ ఇస్తే వంగే, సిలికాన్ చిప్ మీది బుల్లి అద్దం), దాని డ్రైవర్ బోర్డు, 1 మిల్లీవాట్ లోపు గ్రీన్ లేజర్, గ్రాఫ్ పేపర్. ఎర్ర లేజర్ వద్దు, ఆకుపచ్చ చుక్కే కంటికి బాగా ఆనుతుంది.

గ్రాఫ్ పేపర్‌ను 2 మీటర్ల దూరంలో గోడకు అంటించండి. అద్దం 1 డిగ్రీ వంగితే కిరణం 2 డిగ్రీలు తిరుగుతుంది, చుక్క దాదాపు 7 సెంటీమీటర్లు జరుగుతుంది. 2 మిల్లీమీటర్ల అద్దానికి 1 మిల్లీమీటర్ కిరణం వాడండి. 45 డిగ్రీల వాలులో పడితే అది అద్దం మీద ఒక వైపు 1.4 రెట్లు సాగుతుంది మరి.

ఇక అసలు పని. చుక్కను పక్కకు పంపాలని చాలామంది వోల్టేజ్‌ను ఒక్కసారిగా మార్చేస్తారు. సన్నటి సిలికాన్ పట్టీల మీద వేలాడే ఆ అద్దం, కొట్టిన గంటలా ఊగుతూనే ఉంటుంది. గోడ మీద చుక్కకు బదులు గీత కనిపిస్తుంది. అప్పుడు బల్ల కదులుతోందని, లేజర్ బాగాలేదని అనుకుంటారు. తప్పు వాటిది కాదు.

ముందు మీ అద్దం రెజొనెన్స్, అంటే అది అన్నిటికంటే ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ, ఎక్కడుందో కనుక్కోండి. డేటాషీట్ అంకెతో సరిపెట్టుకోకండి, ఒక్కో అద్దానికి కాస్త తేడా ఉంటుంది. బయాస్ (అద్దాన్ని పనికి సిద్ధంగా ఉంచే స్థిర వోల్టేజ్) ఇచ్చి, ఒక అక్షానికి మాత్రమే, అనుమతించిన గరిష్ఠ వోల్టేజ్‌లో నూరో వంతు సైన్ వేవ్ (అలలా పెరిగి తగ్గే వోల్టేజ్) ఇవ్వండి. 100 హెర్ట్జ్ నుంచి పది పది చొప్పున పెంచుతూ వెళ్లండి. చుక్క గీతగా సాగుతుంది. గీత అన్నిటికంటే పొడవైన చోటే రెజొనెన్స్. అక్కడ అదే వోల్టేజ్‌కు అద్దం పదుల రెట్లు ఎక్కువ వంగుతుంది. అందుకే నూరో వంతు అంటున్నాను. ఒక విద్యార్థి పదో వంతు ఇచ్చాడు. చప్పుడేమీ రాలేదు. చుక్క పేపర్ మూలకు వెళ్లి అక్కడే ఆగిపోయింది. పట్టీ తెగింది, కొత్త అద్దం కొనాల్సి వచ్చింది.

రెండో అక్షానికీ విడిగా ఇదే చేయండి. తర్వాత వోల్టేజ్ ఒక్కసారిగా మారి అద్దాన్ని ఊపకుండా, రెజొనెన్స్‌లో సగం దగ్గర లోపాస్ ఫిల్టర్ (అంతకంటే వేగంగా మారే వోల్టేజ్‌ను అడ్డుకునే సర్క్యూట్) పెట్టండి. 1,300 హెర్ట్జ్ వస్తే 650. బెసెల్ రకం ఫిల్టరే పెట్టాలి, బటర్‌వర్త్ రకం పెడితే చుక్క గమ్యం దాటి వెనక్కి వస్తుంది. ఫిల్టర్ బోర్డు మీదే ఉండాలి, సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుంటే ప్రోగ్రామ్ ఆగిన రోజున అద్దం పోతుంది.

అద్దం ఎక్కడుందో చూసి చెప్పే ఫీడ్‌బ్యాక్ సెన్సర్ కావాలని వాదించేవాళ్లున్నారు. బేరింగ్‌లున్న గాల్వో మోటార్‌కు (పెద్ద అద్దాలను తిప్పే మోటార్) అది కావాలి. ఇక్కడ రాపిడి లేదు కాబట్టి అదే వోల్టేజ్‌కు అద్దం అదే చోటికి వస్తుంది.

పని అయ్యాక ముందు చుక్కను మధ్యకు తెచ్చి, బయాస్‌ను నెమ్మదిగా సున్నాకు దించి, ఆ తర్వాతే పవర్ ఆపండి.