ట్రాలీ లాగే పికప్‌కి కొత్త టైర్లు: సమస్యను బట్టి పరిష్కారం

కోనసీమలోనూ భీమవరం చుట్టుపక్కలా పికప్ బండికి ఒకటే పని ఉండదు. పొద్దున ఐసూ మేత బస్తాలూ, మధ్యాహ్నం కొబ్బరికాయలో అరటి గెలలో, చెరువు మీద కరెంటు పోయిందంటే అర్ధరాత్రి జనరేటర్ ట్రాలీ తగిలించుకుని పరుగు. రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య ఎక్కువసేపు నిలవదు. ఆ పరుగులో టైరు పేలితే పోయేది టైరు ఖరీదు ఒక్కటే కాదు.

అందుకే షాపుకి వెళ్లి రేటు అడిగే ముందు, పాత టైర్లు నాలుగింటినీ కిందికి వంగి ఒకసారి బాగా చూడండి. అవి ఎందుకు పోయాయో తేలకుండా కొంటే కొత్తవీ అలాగే పోతాయి. నేను చూసినంతలో ట్రాలీ లాగే బండ్లకు టైర్లు తప్పు పడేది ఎక్కువగా ఒక్కచోటే: బటన్లు (రోడ్డుకి ఆనే రబ్బరు దిమ్మలు) ఎంత దిట్టంగా ఉన్నాయో చూస్తారు, ఆ టైరు ఎంత బరువు మోయగలదో చూడరు.

వెనక టైరు బాగా వేడెక్కుతోంది, లేదా హైవే మీద పేలింది

రావులపాలెం నుంచి తణుకు దాకా ఎండలో లాగి బండి ఆపాక వెనక టైరు పక్కభాగం మీద చెయ్యి పెట్టి చూడండి. ముందు టైర్ల కంటే అది బాగా వేడిగా ఉంటే ఆ టైరు దాని శక్తికి మించి మోస్తోందన్నమాట. కారణాలు రెండు. గాలి తక్కువ ఉండటం, లేదా టైరు సామర్థ్యమే చాలకపోవడం. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. గాలి తగ్గితే తిరిగిన ప్రతిసారీ పక్కభాగం ఎక్కువగా నలుగుతుంది, ఆ నలుగుడుకే లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పొరలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. పైకి బటన్లు కొత్తగానే కనిపిస్తుంటాయి.

ముందు బరువు తేల్చుకోవాలి. మామూలుగా బండి ఎంత లోడుతో తిరుగుతుందో అంత లోడు వేసి, ట్రాలీ తగిలించి, రోడ్డుకి సమానంగా ఉండే లారీ కాటా దగ్గరికి తీసుకెళ్లండి. పికప్ ముందు చక్రాలు మాత్రం కాటా ఎక్కగానే ఒక తూకం వేయించండి. పికప్ మొత్తం ఎక్కి, ట్రాలీ చక్రాలు ఇంకా కాటా బయటే ఉండగా రెండో తూకం. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక ఇరుసు మీద పడుతున్న బరువు వస్తుంది. ఉదాహరణకు అది 1,740 కిలోలు వచ్చిందనుకుందాం. టైరుకి 870 కిలోలు.

ఇప్పుడు టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె చూడండి. దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది. 104 అంటే 900, 106 అంటే 950, 109 అంటే 1,030, 112 అంటే 1,120 కిలోలు. 106/104 అని రెండు అంకెలు ఉంటే మొదటిది ఇరుసుకి ఒక్కోవైపు ఒక్క టైరే ఉన్న బండికి, రెండోది జంట టైర్లున్న బండికి. పికప్‌కి మొదటిదే లెక్క.

870 కిలోలకి 104 సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ లోడు ఎప్పుడూ రెండు వైపులా సమానంగా పడదు. ఐసు పెట్టెలు ఒక పక్కకి ఒరిగి, వందలో 55 పాళ్లు ఒక టైరు మీద పడితే అది 957 కిలోలు. 104 చాలలేదు, 106 కూడా చాలలేదు. ఈ బండికి 109 వేసుకుంటే నిశ్చింత. అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెద్ద అంకె టైరు వేసినంత మాత్రాన బండి మోసే శక్తి పెరగదు. ఇరుసు, బ్రేకులు, కమాన్ పట్టీలు పాతవే. బండి మొత్తం తూకం ఆర్‌సీలో ఉన్న గరిష్ట బరువు దాటితే తగ్గించాల్సింది లోడే.

టైరు మీద ఎల్‌టి (LT) అనో, సైజు చివర సి (C) అనో ఉంటే అది తేలికపాటి ట్రక్కుల కోసం చేసినది. 8 పీఆర్, 10 పీఆర్ (ప్లై రేటింగ్) అని కూడా కనిపిస్తుంది. అది ఈ రోజుల్లో లోపలి పొరల లెక్క కాదు, బలం కొలత. అదే సైజులో కారు రకం టైరు తక్కువకి వస్తుంది, రోడ్డు మీద మెత్తగా కూడా నడుస్తుంది. ట్రాలీ లాగే బండికి అది వద్దు. అమెరికా ప్రమాణాల్లో అయితే కారు టైరును ట్రక్కుకి వేసినప్పుడు దాని సామర్థ్యాన్ని 1.10తో భాగించి లెక్కపెట్టాలని నియమమే ఉంది. అంటే 900 కిలోల టైరు అక్కడ 818 కిలోలకే లెక్క.

ఇక గాలి. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన పట్టీలో ఖాళీ బండికీ నిండు లోడుకీ వేర్వేరు పీఎస్ఐలు (గాలి ఒత్తిడి కొలతలు) ఇచ్చి ఉంటే, ట్రాలీ తగిలించిన రోజు వెనక టైర్లకి నిండు లోడు అంకే పెట్టాలి. కంపెనీ వేసిన టైరు రకం మార్చి ఎల్‌టి వేసుకుంటే పాత పీఎస్ఐ సరిపోకపోవచ్చు. ఎంత బరువుకి ఎంత గాలి అన్న పట్టిక టైరు కంపెనీ దగ్గర ఉంటుంది, డీలర్ని అడిగి తీసుకోండి. పొద్దున్నే బండి కదలకముందు కొలిచిందే సరైన కొలత. దారి మధ్యలో కొలిస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని అక్కడ గాలి తీసేయకండి, చల్లారాక తక్కువైపోతుంది.

ఒక చిన్న వస్తువు మీద ఎవరూ దృష్టి పెట్టరు: వాల్వు. ట్యూబ్‌లెస్ రిమ్ముకి వేసే మామూలు రబ్బరు వాల్వు సాధారణంగా 65 పీఎస్ఐ వరకే. కొత్త టైరు అంతకంటే ఎక్కువ గాలి అడిగేదైతే లోహపు వాల్వు వేయించండి, రిమ్ము ఆ గాలికి తగినదేనా అని కూడా అడగండి.

ట్రాలీ వెనక ఊగుతోంది, స్టీరింగు తేలిపోతోంది

సిద్ధాంతం బ్రిడ్జి మీద లారీ పక్కనుంచి దాటిపోయినప్పుడు ట్రాలీ అటూ ఇటూ ఊగి, దాంతోపాటు పికప్ తోక కూడా ఊగుతుంది. డ్రైవర్లు దీన్ని టైర్ల మీదకి నెట్టి మార్చేస్తారు. టైర్ల పాత్ర ఉంది, నిజమే. వెనక టైర్లలో గాలి తక్కువున్నా, పక్కభాగం మెత్తగా ఉన్నా ఊపు పెరుగుతుంది. కానీ చాలావరకు అసలు కారణం కొక్కెం మీద పడే బరువు.

రెండు చక్రాల ట్రాలీ అయితే దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పికప్ కొక్కెం మీద పడాలి. 1,200 కిలోల ట్రాలీకి 120 నుంచి 180 కిలోలు. అంతకంటే తక్కువైతే ఊగుతుంది. మరీ ఎక్కువైతే పికప్ వెనక కుంగి ముందు లేస్తుంది, స్టీరింగు తేలిపోతుంది. ఈ బరువు కొలవడానికి రొయ్యల పట్టుబడిలో వాడే ప్లాట్‌ఫాం కాటా చాలు. ట్రాలీ చక్రాలకి మొద్దులు అడ్డం పెట్టి, కాటా మీద చెక్కలు పేర్చి, కొక్కెం మామూలుగా ఉండే ఎత్తులోనే ట్రాలీ మూతిని దాని మీద దించండి. కాటా ఎంత బరువు వరకు తూస్తుందో ముందే చూసుకోండి. జనరేటర్‌ని ట్రాలీ మీద కాస్త ముందుకో వెనక్కో జరిపి బిగిస్తే ఈ అంకె మారుతుంది. ముందు తిరిగే ఇరుసున్న నాలుగు చక్రాల ట్రాలీకి ఈ లెక్క వర్తించదు. అది కొక్కెం మీద దాదాపు బరువు వేయదు, లాగించుకుంటుంది అంతే.

టైర్ల ఎంపికలో కొక్కెం బరువుని ఎందుకు కలపాలో కూడా చెబుతాను. వెనక ఇరుసుకి 1.2 మీటర్ల వెనక కొక్కెం ఉండి, రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లయితే, కొక్కెం మీద 120 కిలోలు పడినప్పుడు వెనక ఇరుసు మీద పెరిగేది 168 కిలోలు. మిగతా 48 కిలోలు ముందు చక్రాల నుంచి వెనక్కి వచ్చినవి. అందుకే కాటా దగ్గరికి ట్రాలీ తగిలించే వెళ్లమన్నాను.

ఈ బరువు సరిచేసి, గాలి సరిచేసి, అప్పటికీ ఊగుతుంటే అప్పుడు పక్కభాగం గట్టిగా ఉండే ఎల్‌టి టైర్లకి మారండి. నడుస్తుండగా ఊపు మొదలైతే గట్టిగా బ్రేకు కొట్టకండి. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి, వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గుతుంది.

టైరు ఒకచోటే అరిగిపోతోంది

రెండు అంచులూ అరిగి మధ్యలో బటన్లు మిగిలితే గాలి తక్కువతో నడిపారు. మధ్యలో గుండైతే గాలి ఎక్కువ, ఖాళీ బండిని నిండు లోడు గాలితోనే తిప్పేవాళ్లకి ఇది వస్తుంది. ముందు టైరు లోపలి అంచో బయటి అంచో ఒక్కటే అరిగితే వీల్ అలైన్‌మెంట్ తప్పింది. అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు, హబ్బు బేరింగులు చూపించాలి. నల్లరేగడి మీద వేసిన మన రోడ్లు వానాకాలం తర్వాత అలలు అలలుగా కుంగుతాయి, అందుకే ఈ వైపు షాకులు తొందరగా పోతాయి. ఇవి బాగు చేయించకుండా కొత్త టైర్లు ఎక్కించడం డబ్బు కాలువలో పారేయడమే.

వారానికోసారి గాలి తగ్గుతోంది, పంచర్ మాత్రం దొరకదు

మన వైపు ఇది చాలా మామూలు సమస్య. రొయ్యల పెట్టెల నుంచి కారే ఉప్పునీళ్లు రిమ్ము మీద పడి, టైరు అంచు కూర్చునే చోట తుప్పు పట్టిస్తాయి. ఆ తుప్పు పొరల సందుల్లోంచి గాలి పోతుంది. అంచు వెంబడి సబ్బునీళ్లు పోస్తే సన్నగా నురగ లేస్తుంది. టైరు విప్పి, రిమ్ము అంచుని ఇనుప బ్రష్‌తో గీకించి రంగు వేయించాలి. తుప్పు తినేసి గుంటలు పడిన రిమ్ముని మార్చేయాల్సిందే. కొత్త టైరు ఎక్కించే రోజే ఈ పని చేయిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. చెరువు మీద నుంచి వచ్చాక చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో కడిగించడం అలవాటు చేసుకోండి.

చెరువు గట్టు మీద, రేవు దిగేచోట చక్రం జారుతోంది

నరసాపురం రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కించేటప్పుడు గానీ, వాన పడ్డ గట్టు మీద గానీ ట్రాలీతో బండి కదలనంటుంది. మడ్ టైర్లు వేయించేద్దామా అనిపిస్తుంది. మీ బండి రోజులో ఎంతసేపు గట్టు మీద ఉంటోందో లెక్క వేసుకోండి. తిరుగుడంతా 216 హైవే మీదే అయితే, పెద్ద బటన్ల మడ్ టైరు తొందరగా అరుగుతుంది, మోత చేస్తుంది, తడి తారు మీద పట్టు కూడా తగ్గుతుంది. ఇలాంటి బండికి రోడ్డుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం నయం, అది కూడా లోడ్ ఇండెక్స్ సరిపోతేనే. పూర్తిగా రోడ్డు మీదే తిరిగే బండికి హైవే రకం చాలు.

అసలు జిగట బంకమట్టిలో ఏ బటనైనా నిండిపోయి నున్నగా అవుతుంది. అలాంటి చోట ట్రాలీ విప్పేసి, ముందు బండిని గట్టి నేల మీదకి తెచ్చుకుని, తర్వాత తాడుతో ట్రాలీని లాక్కోవడం మంచిది.

పెద్ద సైజు వేశాక బండి లాగడం లేదు

చూడ్డానికి బాగుంటుందని 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తారు. మొదటి దాని ఎత్తు 703 మిల్లీమీటర్లు, రెండోది 733. నాలుగు శాతం పైగా తేడా. లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది, బ్రేకుకీ పని పెరుగుతుంది, మీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది. బ్రిడ్జి ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ మీద పడే భారం ఇంతా అంతా కాదు. ట్రాలీ లాగే బండికి కంపెనీ సైజే ఉంచి, అందులోనే ఎక్కువ లోడ్ ఇండెక్స్ ఉన్నది వెతకండి.

టైరు పక్కన బుడిపె లేచింది

కాలువ గట్టు రోడ్ల మీద ఎదురు బండికి దారిచ్చేటప్పుడు చక్రం తారు అంచు దిగి మళ్లీ ఎక్కుతుంది. ఆ దెబ్బకి లోపలి దారాలు తెగి బుడిపె వస్తుంది. దీనికి మరమ్మతు లేదు. ఆ టైరుతో ట్రాలీ లాగొద్దు, ఒక్క ట్రిప్పు కూడా.

షాపులో కొనేటప్పుడు

టైరు పక్కన డాట్ (DOT) అనే ముద్ర చివర నాలుగు అంకెలుంటాయి. 3524 అంటే 2024లో 35వ వారం తయారైంది. ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడి ఉన్నది అంటగడితే తీసుకోకండి. ట్రాలీ టైర్లకీ ఇదే చూడండి. నెలల తరబడి చెరువు పక్కన ఎండకి నిలబడే ట్రాలీ టైరు అరక్కుండానే పగుళ్లు తేలిపోతుంది.

రెండే కొంటే కొత్తవి వెనక వేయించండి. ఒకే ఇరుసు మీద నైలాన్ ఒకటీ రేడియల్ ఒకటీ కలపొద్దు. చట్ట ప్రకారం బటన్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. వానాకాలంలో ట్రాలీ లాగేవాళ్లు అక్కడిదాకా ఆగకుండా 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయాలని నా అభిప్రాయం.

ఎక్కించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ బిగించాలి. స్టెప్నీని కూడా కిందికి దింపి చూడండి. అది వెనక టైర్ల లోడ్ ఇండెక్స్‌కి తగ్గకూడదు. బండి కింద వేలాడే స్టెప్నీ గొలుసు ఉప్పు తుప్పుకి బిగుసుకుపోయి ఉంటే, పట్టపగలు షాపులోనే విప్పించి గ్రీజు పెట్టించండి.