వానాకాలంలో లినక్స్ అప్‌గ్రేడ్‌కు ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, రాయగడ వైపు ఉరుముల వానలకు కరెంటు పోయే రోజులు వస్తున్నందున, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) అప్‌గ్రేడ్ చేయదలచినవారు ముందుగా వీటిని చూసుకోవాలి.

• లైవ్ యూఎస్‌బీ (హార్డ్‌డిస్కులోని సిస్టమ్ పనిచేయకపోయినా కంప్యూటర్‌ను నడిపించే పెన్‌డ్రైవ్) తయారుచేసేటప్పుడు డిస్కు పరిమాణాన్ని సరిచూసుకోండి. పెన్‌డ్రైవ్‌కు బదులు హార్డ్‌డిస్కును ఎంచుకుంటే ఫొటోలు, పొలం పత్రాలు అన్నీ చెరిగిపోతాయి, వాటిని తిరిగి రాబట్టడం చాలా కష్టం.

• ఆ యూఎస్‌బీతో ఇప్పుడే ఒకసారి బూట్ చేసి (కంప్యూటర్‌ను మొదలుపెట్టి) చూడండి. లేదంటే సిస్టమ్ మొరాయించాక మరో కంప్యూటర్ కోసం వెతుక్కోవలసి వస్తుంది.

• బూట్ పార్టిషన్ (కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే డిస్కు భాగం) నిండి ఉంటే కొత్త కెర్నల్‌కు (సిస్టమ్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రామ్) మొదలయ్యేటప్పుడు కావలసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు పూర్తిగా తయారు కాక, సిస్టమ్ ఆగిపోయి తెరపై ‘కెర్నల్ పానిక్’ అని రావచ్చు. అప్పుడు గ్రబ్ మెనూ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఏ సిస్టమ్‌ను నడపాలో ఎంచుకునే తెర)లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉండే పాత కెర్నలే ఆదుకుంటుంది కనుక, చోటు కోసమని దాన్ని మాత్రం తీసేయకండి.

• విండోస్ కూడా ఉంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీని కాగితంపై రాసుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు) సెట్టింగు మార్చితే విండోస్ ఆ కీని అడగవచ్చు.

• డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి.