ఏలియాసింగ్ రాకుండా శాంపిల్ చేయడం ఎలా?

సిగ్నల్ విలువను సమాన వ్యవధుల్లో కొలిచి నమోదు చేయడమే శాంపిల్ చేయడం; శాంపిళ్లు చాలక ఒక పౌనఃపున్యం మరో పౌనఃపున్యంలా కనిపించడమే ఏలియాసింగ్. ముందుగా సిగ్నల్‌లో మనకు కావలసిన అత్యధిక పౌనఃపున్యం ఎంతో తేల్చుకుని, శాంప్లింగ్ రేటును దానికి రెట్టింపు కన్నా ఎక్కువగా పెట్టుకోవాలి. సరిగ్గా రెట్టింపు చాలదు. సైన్ తరంగం సున్నాను దాటే క్షణాల్లోనే శాంపిళ్లు పడితే చేతికి వచ్చేవన్నీ సున్నాలే.

సెకనుకు 10,000 శాంపిళ్లు తీసుకుంటున్నప్పుడు 7,000 హెర్ట్జ్ స్వరం వచ్చిందనుకుందాం. దాని శాంపిళ్లను 3,000 హెర్ట్జ్ స్వరపు శాంపిళ్ల నుంచి వేరు చేయడం అసాధ్యం (10,000లోంచి 7,000 తీసివేస్తే మిగిలేది అదే). ఇలా మారువేషంలో చేరినదాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టరూ ఏరివేయలేదు కనుక, తక్కువ పౌనఃపున్యాలనే పోనిచ్చే లో-పాస్ ఫిల్టర్‌ను సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఏడీసీకి ముందే, అనలాగ్ సర్క్యూట్‌లోనే అమర్చాలి. ఏ ఫిల్టరూ ఒక్కసారిగా కోయలేదు కాబట్టి కొంత ఎడం కూడా వదలాలి; 20,000 హెర్ట్జ్ వరకు వినిపించే ధ్వనికి ఆడియో సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు వాడటానికి ఇదొక కారణం.

పునర్నిర్మాణానికి, అంటే శాంపిళ్ల నుంచి అసలు సిగ్నల్‌ను తిరిగి రాబట్టడానికి, సిద్ధాంతం ప్రకారం, ప్రతి శాంపిల్ స్థానంలో ఒక సింక్ తరంగాన్ని (మధ్యలో ఎత్తుగా ఉండి, ఇరువైపులా ఊగుతూ తగ్గిపోయే ఆకారం) ఆ శాంపిల్ విలువ మేరకు ఉంచి అన్నింటినీ కూడాలి. ఆచరణలో మాత్రం అంకెలను తిరిగి అనలాగ్ సిగ్నల్‌గా మార్చే మామూలు డీఏసీ ప్రతి విలువనూ తదుపరి శాంపిల్ వరకు నిలిపి ఉంచి మెట్ల ఆకారాన్ని ఇస్తుంది, దాన్ని మరో లో-పాస్ ఫిల్టర్ నునుపు చేస్తుంది. ఆ మెట్ల వల్ల శాంప్లింగ్ రేటులో సగం దగ్గర దాదాపు 3.9 డెసిబెళ్ల నష్టం కలుగుతుంది కాబట్టి, పై పౌనఃపున్యాలను ఆ మేరకు పెంచి సరిదిద్దాలి.