పోడు గొడవ వార్తను పేపర్లో ఎట్లా చదవాలి

వానలు పడగానే పోడు మీద, అంటే అడవి భూమిలో చేసుకునే సాగు మీద, మన జిల్లా పేజీల్లో ఒక వార్త వస్తుంది. ఫారెస్టోళ్ళు మొక్కలు నాటడానికి పోయారు, గూడెం వాళ్ళు అడ్డుకున్నారు, తోపులాట జరిగింది, కేసులు పెట్టారు. ఈసారి అట్లాంటిది కనబడితే పెన్ను తీసుకుని కూర్చోండి. గొడవ ఎప్పుడు మొదలైందని రిపోర్టర్ రాశాడో వెతికి, ఆ వాక్యం కింద గీత గీయండి. చాలాసార్లు అది కర్ర లేచిన క్షణమే అయి ఉంటుంది. అంతకు ముందు ఆ భూమిని ఎవరు ఎన్నేళ్ళుగా దున్నుతున్నారు, పట్టాకు దరఖాస్తు పెట్టుకున్నారా, పెడితే ఏమైంది, ఫారెస్టోళ్ళు చుట్టూ కందకం ఎప్పుడు తవ్వారు, ఇవేవీ ఉండవు. వార్త కర్రతో మొదలైతే తప్పంతా కర్ర పట్టినోళ్ళదే అవుతుంది, రాసినాయన ఒక్క అబద్ధం రాయకపోయినా సరే.

2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో జరిగింది చాలామందికి గుర్తుంటుంది. ట్రాక్టర్ మీద నిలబడ్డ మహిళా రేంజ్ ఆఫీసర్‌ను చుట్టూ ఉన్నవాళ్ళు కర్రలతో కొడుతున్న వీడియో దేశమంతా తిరిగింది. ఆమెను కొట్టడం ఘోరం, దాన్ని ఎవరూ సమర్థించలేరు, నేనూ సమర్థించను. కానీ ఆ వీడియో మొదలవ్వక ముందు సంగతి కూడా ఉంది కదా. ఆ ట్రాక్టర్లు మొక్కల కోసం నేల దున్నడానికి వచ్చాయి, అది తాము సాగు చేసుకుంటున్న భూమి అని ఊరోళ్ళు అన్నారు. పైగా ఆ గుంపును నడిపించాడని కేసు పడింది అప్పటి అధికార పార్టీకి చెందిన జిల్లా పరిషత్ వైస్ చైర్మన్ మీద. ఇంత ఉన్నప్పుడు దాన్ని 'గిరిజనుల దాడి' అని రెండు మాటల్లో తేల్చేస్తే అక్కడ ఆగి, ఎవరు రమ్మన్నారు, ఎవరు ముందున్నారు అని అడగాలి.

తర్వాత ఎవరి మాటకు ఎన్ని లైన్లు దక్కాయో లెక్కపెట్టండి. ఎస్పీ, డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) చెప్పింది పేరుతో, హోదాతో, జరిగిపోయిన విషయంలాగా వస్తుంది. గూడెం ఆడవాళ్ళు చెప్పింది చివర్లో 'ఆరోపించారు' అని ఒక్క లైన్‌లో సర్దేస్తారు. దీనికి మండల విలేకరిని తిట్టి లాభం లేదు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బుల మీద బతికేవాళ్ళు, నెత్తిన యాడ్స్ టార్గెట్ ఉంటుంది, సాయంత్రానికల్లా డెస్క్‌కు ఐటమ్ పోవాలి, ఆ టైమ్‌లో ఫోన్ ఎత్తేది స్టేషన్ వాళ్ళూ రేంజ్ ఆఫీసు వాళ్ళే. తాడ్వాయి అడవిలో లోపలి గూడేనికి పోవాలంటే బండి పోదు, పోయినా భాష రాదు.

హెడ్డింగులో తెగ పేరుంటే, దాన్ని తీసేసి మీ కులం పేరు పెట్టి చదివి చూడండి. హన్మకొండలో హత్య జరిగితే నిందితుడి కులంతో హెడ్డింగ్ పెడతారా? 2022 నవంబర్ 22న చంద్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర, ప్లాంటేషన్‌లో పశువులు మేపే గొడవలో రేంజ్ ఆఫీసర్‌ను చంపేశారు. డ్యూటీ చేస్తున్న మనిషిని నరికి చంపడం, అది హత్యే. అరెస్టయింది ఇద్దరు గుత్తికోయలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసీలు. కానీ కొద్ది రోజుల్లోనే గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్ పంపించేయాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. ఇద్దరి నేరం తెగ మొత్తానికి అట్లా అంటుకుంటుంది, దానికి హెడ్డింగులు కూడా తోడవుతాయి. 'వలస వచ్చినవాళ్ళు' అని రాసిన చోట, ఎందుకు వచ్చారో రాశారా చూడండి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్ళు కాలిపోయి గోదావరి ఇటువైపు పారిపోయి వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ఎస్పీఓలుగా (స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా) వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఎన్‌కౌంటర్ వార్త అయితే కటింగ్ పారేయకండి, తేదీ వేసి దాచండి. 2012 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా సర్కేగూడలో 17 మంది చనిపోతే మావోయిస్టులతో ఎదురుకాల్పులన్నారు. చనిపోయినవాళ్ళు మావోయిస్టులనడానికి ఆధారాల్లేవని న్యాయ విచారణ కమిషన్ చెప్పిన సంగతి 2019లో బయటికొచ్చింది. ఏడేళ్ళ తర్వాత వచ్చిన ఆ వార్త మీ పేపర్లో ఎన్నో పేజీలో, ఎంత సైజులో పడిందో పాత కటింగ్ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మృతుల సంఖ్య ఇచ్చినప్పుడు ఆ లెక్క ఎవరిదో కూడా రాసిపెట్టుకోండి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో ఆదివాసీల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో సర్కారు లెక్క 13, హక్కుల సంఘాలు చెప్పేది దానికి ఎన్నో రెట్లు. ఒక్క అంకెనే వేసి ఊరుకున్న వార్త ఒక పక్షం తీసుకున్నట్టే.

చివరగా, వార్తలో చట్టం పేరు ఎక్కడైనా ఉందా చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యే దాకా అడవిలో ఉంటున్నవాళ్ళను వాళ్ళ సాగులో ఉన్న అటవీ భూమి నుంచి ఖాళీ చేయించకూడదు. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉందా అన్నది అసలు ప్రశ్న. 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు, మరి ఈ గూడేనికి వచ్చాయా, రాకపోతే ఏ కారణం చెప్పారు? ఈ చట్టం, పట్టాల సంగతి లేని వార్త చూస్తే జిల్లా డెస్క్‌కు నాలుగు లైన్ల ఉత్తరం రాయండి. తిట్టొద్దు, నీతులొద్దు. ఆ సర్వే నంబరు మీద ఎన్ని దరఖాస్తులు పెండింగులో ఉన్నాయో ఐటీడీఏను (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థను) అడిగి వేయమనండి, వాళ్ళు వేయకపోతే అదే ప్రశ్నతో మీరే ఏటూరునాగారం ఐటీడీఏకు ఆర్టీఐ పెట్టండి.