పన్నెండు స్పిన్‌ల వలయంలో క్వాంటం దశా పరివర్తనను పట్టుకోవడం

కోబాల్ట్ నయోబేట్ స్ఫటికంలో కోబాల్ట్ అయాన్లు గొలుసులుగా పేర్చి ఉంటాయి. సుమారు 3 కెల్విన్‌ల దిగువన వాటి స్పిన్‌లు, అంటే ఒక్కో అయాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే గుణాలు, ఒక క్రమంలో నిలబడతాయి. అవి మొగ్గే దిశకు అడ్డంగా దాదాపు 5.5 టెస్లాల అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగిస్తే, ఉష్ణోగ్రతను ఏమాత్రం పెంచకుండానే ఆ క్రమం చెదిరిపోతుంది. దీన్నే క్వాంటం దశా పరివర్తన అంటారు. ఆ ప్రయోగానికి న్యూట్రాన్ పుంజం కావాలి గానీ, దాని వెనుకనున్న లెక్కను ల్యాప్‌టాప్ మీద పైథాన్‌తోనే చేసి చూడవచ్చు.

ముందుగా 12 స్పిన్‌లను వలయంగా ఊహించుకుని, ఒక్కో అమరికను 12 అంకెల ద్విసంఖ్యగా రాయాలి. మొత్తం 4,096 అమరికలు వస్తాయి. పొరుగు స్పిన్‌ల మధ్య బంధ బలాన్ని జే అందాం. పక్కపక్క అంకెలు ఒకటే అయితే మైనస్ జే, వేరైతే ప్లస్ జే చొప్పున కూడి, ఒక్కో అమరికకు ఒక అడ్డు వరుస, ఒక నిలువు వరుస ఉండే శక్తి మాత్రిక కర్ణంలో ఉంచాలి. అడ్డ క్షేత్రం హెచ్ ఒక్కో అంకెను తిరగేస్తుంది కనుక, ఆ రెండు అమరికలు కలిసే గడిలో మైనస్ హెచ్ వేయాలి. సున్నా కాని గడులను మాత్రమే దాచుకోవడం మంచిది, ఎందుకంటే 16 స్పిన్‌లకు పూర్తి మాత్రిక 32 గిగాబైట్లు తింటుంది. కనిష్ఠ శక్తులను పైథాన్ గణిత లైబ్రరీ సైపైలోని లాంజోస్ పద్ధతితో (పెద్ద మాత్రికల కొస విలువలను మాత్రమే వెతికే పద్ధతి) తీయవచ్చు. జే, హెచ్ రెండూ 1 అయినప్పుడు కనిష్ఠ శక్తి −15.3226 రావాలి, రాకపోతే వలయం చివరి జతను కలపడం మరిచిపోయారేమో చూడండి.

ఇప్పుడు హెచ్‌ను 0 నుంచి 2 వరకు పెంచుతూ మొదటి రెండు శక్తుల అంతరాన్ని గీయాలి. హెచ్ తక్కువగా ఉన్నంతసేపూ అంతరం సున్నాకు అతుక్కుని ఉండడం చూసి, నేను రెండు రోజులు కోడ్‌లో లేని తప్పును వెతికాను. నిజానికి అన్నీ పైకి, అన్నీ కిందికి అనే రెండు స్థితుల శక్తి దాదాపు సమానం. అసలు ఉత్తేజనం, అంటే శక్తి ఇస్తే వచ్చే తర్వాతి స్థితి, వాటికి పైన ఉంటుంది. 111100001111 అనే అమరికను చూడండి. ఇందులో 1లకూ 0లకూ మధ్య రెండు గోడలున్నాయి, సున్నాలు నాలుగైనా ఏడైనా క్షేత్రం లేనప్పుడు ఖర్చు ఒకటే, 4 జే. అందువల్ల ప్రయోగంలో స్ఫటికాన్ని తాకే న్యూట్రాన్ ఒక్క స్పిన్‌ను తిప్పినా, అది రెండు గోడలుగా విడిపోయి చెరో దిక్కుకూ తిరుగుతుంది. హెచ్ జేని దాటాక మాత్రం తిరగబడిన ఒంటరి స్పిన్ కణంలా ప్రవర్తిస్తుంది.

ఇంత చిన్న వలయంలో అంతరం ఒక బిందువు దగ్గర చటుక్కున మాయం కాదు. అందుచేత అంతరాన్ని స్పిన్‌ల సంఖ్యతో గుణించి చూడాలి: హెచ్, జే సమానమైన చోట 8, 10, 12 స్పిన్‌లకు వరుసగా 1.5759, 1.5740, 1.5730 వస్తాయి. మూడు వక్రాలూ ఆ చుట్టుపక్కలే ఒకదాన్నొకటి ఖండిస్తాయి.

ఆ బిందువు దగ్గర స్పిన్‌ల దిశలోనే మరో చిన్న క్షేత్రాన్ని చేరిస్తే కణాల్లా ప్రవర్తించే ఎనిమిది ఉత్తేజనాలు పుడతాయనీ, మొదటి రెంటి ద్రవ్యరాశుల (వాటిని పుట్టించడానికి కావలసిన కనిష్ఠ శక్తుల) నిష్పత్తి 1.618, అంటే స్వర్ణ నిష్పత్తి అనీ 1989లో భౌతిక శాస్త్రవేత్త జమొలోద్చికోవ్ చూపారు. 2010లో ప్రయోగ శాస్త్రవేత్త రాడు కోల్డియా బృందం ఆ నిష్పత్తిని ఈ స్ఫటికంలోనే కొలిచింది. అక్కడ ఆ చిన్న క్షేత్రాన్ని పొరుగు గొలుసులే అందిస్తాయి. మీ వలయంలో దీన్ని వెతికేటప్పుడు, అన్ని స్పిన్‌లనూ ఒక స్థానం జరిపినా మారని స్థితులనే లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే కదులుతున్న మొదటి కణమే రెండోదిగా కనిపించి నిష్పత్తి తప్పుతుంది.