అట్టపెట్టెలో కడ్డీ పడుతుందా? లెక్క లేకుండా కొలిచే చిట్కా

60 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 40 ఎత్తున్న అట్టపెట్టె. అడుగుభాగం కర్ణం (ఎదురెదురు మూలల మధ్య దూరం) 75 వస్తుంది గనక 80 సెం.మీ. కర్టెన్ రాడ్ పట్టదని పక్కన పెట్టేస్తాం. అది సమతల జ్యామితి లెక్క, ఎత్తును వదిలేస్తుంది. ఘన జ్యామితిలో కింది మూల నుంచి ఎదురుగా ఉన్న పై మూలకు 85 వస్తుంది. రాడ్ ఏటవాలుగా దిగిపోతుంది.

వర్గమూలాలు అక్కర్లేదు. మూసిన పెట్టెను బల్ల మూలకు సరిగ్గా ఆనించి, పొడవు ఎక్కడితో ఆగిందో బల్ల అంచు మీద గీత పెట్టండి. బల్ల మూల దగ్గరున్న పెట్టె కొస ఆ గీతకు వచ్చేదాకా పెట్టెను అంచు వెంబడే జరపండి. ఖాళీ అయిన చోటు అచ్చం పెట్టెంత ఉంటుంది. ఇప్పుడు బల్ల మూల నుంచి, ఖాళీ వైపున్న పెట్టె ముఖంలో అంచుకు దూరంగా ఉన్న పై మూలకు టేపు లాగండి. అదే ఘన కర్ణం. ఇటుకకైనా ఇదే పద్ధతి, లోపలికి టేపు పోని వస్తువులకు ఇది తేలిక దారి.

ఒక్క జాగ్రత్త: ఇది మందం లేని గీత కొలత, పైగా పెట్టె బయటి కొలత. అట్ట మందం తీసేసి, రాడ్ మందానికి కనీసం రెండింతలు వదలండి. పెట్టె ఉబ్బినా, మూలలు నలిగినా కొలత తప్పుతుంది.