అరవై దాటిన డ్రైవర్‌కి ఇంట్లోనే పరీక్ష పెట్టడం ఎలా

వయసు మీద పడిందని మళ్ళీ డ్రైవింగ్ పరీక్ష పెట్టే ఏర్పాటు మన చట్టంలో లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 50-55 ఏళ్ళ మధ్య లైసెన్స్ రెన్యూవల్ చేయిస్తే 60 నిండేదాకా చెల్లుతుంది. 55 దాటాక ఐదేళ్ళకోసారి చేయించుకోవాలి. దానికి ఫారం 1ఎ, అంటే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. బండి నడిపి చూపించమని ఎవరూ అడగరు. గడువు తీరి ఏడాది దాటిపోతే మాత్రం మళ్ళీ టెస్ట్ ట్రాక్ ఎక్కాల్సిందే. జపాన్‌లో 75 దాటినవాళ్ళకి రెన్యూవల్ అప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష ఉంటుంది. కొన్ని రకాల ట్రాఫిక్ ఉల్లంఘనలు ఉన్నవాళ్ళు 2022 మే నుంచి బండి నడిపి కూడా చూపించాలి. ఇక్కడ ఆ పని ఇంట్లోవాళ్ళే చేసుకోవాలి.

అందరికీ ఒక వయసు గీత గీయడం మాకు సరిగ్గా అనిపించదు. షుగర్ అదుపులో లేని యాభై ఏళ్ళ మనిషి కంటే 72 ఏళ్ళ పెద్దాయన నయంగా నడపొచ్చు. చూడాల్సినవి కళ్ళు, మెడ, పాదాలు, ఆలోచన వేగం. వీటికి ఇంట్లో అరగంట, రోడ్డు మీద ముప్పావుగంట చాలు.

ఇంట్లో చూడాల్సినవి

లైసెన్స్ కోసం మన ఆరోగ్యం గురించి మనమే నింపి ఇచ్చే ఫారం 1లో ఉన్న ప్రశ్నతోనే మొదలుపెట్టండి: మంచి పగటి వెలుతురులో, కళ్ళజోడు ఉంటే పెట్టుకునే, 25 మీటర్ల దూరంలోని కారు నంబర్ ప్లేట్ చదవగలరా? సుమారుగా ఆరు కార్లు వరసగా నిలబెట్టినంత దూరం అది, కానీ టేపుతో కొలవడమే మంచిది. ఒక్కో కన్ను మూసి చదివించండి. సొంత కారు ప్లేట్ మాత్రం వద్దు, అది కంఠతా వచ్చేసి ఉంటుంది.

ప్లేట్ చదివేశారని కళ్ళు బాగున్నట్టు కాదు. గ్లకోమాలో ఎదురుగా ఉన్నది చక్కగా కనిపిస్తూనే పక్క చూపు తగ్గిపోతుంది. ఎడమవైపు నుంచి దూరే టూవీలర్ అసలు కనపడదు, ఆ సంగతి నడిపే మనిషికి తెలియదు కూడా. శుక్లాలు ముదిరితే ఎదుటి బండి హైబీమ్‌కి కళ్ళు చెదిరి, తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. కళ్ళజోళ్ళ షాపులో నంబర్ చూపించుకుంటే ఇవేవీ బయటపడవు. హైదరాబాద్‌లో అయితే మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికైనా, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికైనా, దగ్గర్లోని కంటి డాక్టర్ దగ్గరికైనా వెళ్ళి విజువల్ ఫీల్డ్ (పక్క చూపు) పరీక్ష, కంటి ప్రెజర్, రెటీనా మూడూ అడిగి చేయించండి.

తర్వాత కాళ్ళు. నేల మీద 10 అడుగులు కొలిచి టేపు అంటించండి. ఆ చివరిదాకా వడిగా నడిచి, వెనక్కి తిరిగి రావాలి. మొత్తం 9 సెకన్లు దాటితే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే. యాక్సిలరేటర్ మీది కాలు బ్రేక్ మీదికి మారే వేగం కూడా ఈ కాళ్ళదేగా. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకొకటి చేయండి: కళ్ళు మూసుకోమని, రెండు పాదాల్లో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని ఒక్కొక్కటిగా తేలిగ్గా తాకండి. నొక్కకూడదు. ఆరింటిలో రెండు తెలియకపోయినా పాదాల స్పర్శ తగ్గినట్టే. పెడల్ మీద ఎంత బలం వేస్తున్నారో అలాంటి పాదానికి తెలియదు.

మెడ సంగతి కారులోనే చూడాలి. సీటు బెల్టు పెట్టుకుని కూర్చోబెట్టి, వెనక కుడి మూలన ఎవరైనా వేళ్ళు చూపిస్తే ఎన్నో చెప్పాలి. తర్వాత ఎడమ మూలన. నడుము మొత్తం తిప్పితే గాని చెప్పలేకపోతే లేన్ మారేటప్పుడు అద్దాల మీదే ఆధారపడుతున్నారన్నమాట.

మందుల పెట్టె కూడా తెరవండి. షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడేవాళ్ళకి షుగర్ పడిపోవచ్చు. బయల్దేరే ముందు చూసుకుని 90 mg/dL కంటే తక్కువుంటే తిని, మళ్ళీ చూసుకున్నాకే తాళం తీయాలి. దారిలో షుగర్ పడిపోతే బండి పక్కకి ఆపి చక్కెర తీసుకోవాలి, మామూలుకి వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగాలి. నిద్రకి వేసుకునే అల్ప్రజోలం, జలుబు మాత్రల మత్తు పొద్దుటిదాకా ఉండొచ్చు.

రోడ్డు మీద

ఆదివారం పొద్దున్నే ఖాళీ నెక్లెస్ రోడ్డు మీద ఎవరైనా నడుపుతారు. దాన్ని పరీక్షగా లెక్కవేయకండి. మామూలు రోజు పదకొండు గంటలప్పుడు, పెద్దాయన రోజూ వెళ్ళే దారిలోనే మొదలుపెట్టండి. సిగ్నల్ లేని నాలుగు రోడ్ల కూడలి, ఎదురు ట్రాఫిక్‌ని దాటి కుడివైపు తిరగడం, ఒక యూటర్న్, ఫ్లైఓవర్ దిగి కింది రోడ్డులో కలవడం ఉండాలి. అసలు సంగతి బయటపడేది కుడి మలుపు, యూటర్న్ దగ్గరే, ఎదురొచ్చే బండి వేగం అంచనా వేయాల్సింది అక్కడే కాబట్టి. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఇప్పుడే వద్దు.

చివర్లో అపార్ట్‌మెంట్ సెల్లార్. ర్యాంప్ మధ్యలో ఆపి, బండి వెనక్కి జారకుండా పైకి ఎక్కించమనండి. తర్వాత రివర్స్‌లో పార్క్ చేయించండి. బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం ఎక్కువగా ఇలాంటి చోట్లే జరుగుతుంది. వెనక్కి చూడ్డానికి ఒళ్ళు తిప్పినప్పుడు మడమ పక్కకి జరుగుతుంది, కాలు పడ్డచోట ఉన్నది బ్రేకే అనుకుని ఇంకా గట్టిగా తొక్కుతారు.

పక్క సీట్లో ఒక్కరే కూర్చోవాలి, అదీ నోరు మూసుకుని. వెనక సీట్లోంచి కొడుకూ కోడలూ చెరో సలహా ఇస్తుంటే ముప్పై ఏళ్ళవాడు కూడా తప్పులు చేస్తాడు. మొదట్నుంచే అనుమానం ఉంటే డ్రైవింగ్ స్కూల్ కారు మాట్లాడుకోండి. అందులో పక్క సీటు దగ్గర కూడా బ్రేక్ ఉంటుంది, పైగా చెప్పేది బయటి మనిషి అయితే పెద్దవాళ్ళు త్వరగా నొచ్చుకోరు.

రాసుకునేటప్పుడు అలవాటునీ లోపాన్నీ విడదీయండి. ఇండికేటర్ వేయకపోవడం, హారన్ మీదే చెయ్యి ఉంచడం మన ఊరి జబ్బు, ఇరవై ఏళ్ళవాళ్ళకీ ఉంది. చెప్పి మాన్పించవచ్చు. పక్కనున్న ఆటోని గమనించకపోవడం, పచ్చ లైటు పడ్డా కదలకపోవడం, లేన్ మధ్యలోంచి పదే పదే ఒక పక్కకి జరగడం వేరే రకం. "ఆగండి" అని మీరు ఎన్నిసార్లు అనాల్సి వచ్చిందో గీతలు గీసుకోండి. రెండు దాటితే మంచి గుర్తు కాదు. ఎర్ర లైటు చూడకుండా వెళ్ళిపోవడం, పెడల్ మారిపోవడం, తెలిసిన దారిలో ఎటు తిరగాలో తోచకపోవడం, ఈ మూడింటిలో ఒక్కటి జరిగినా అక్కడే పక్కకి ఆపించి మీరు నడపండి. దారి మర్చిపోతే న్యూరాలజిస్ట్‌ని కలవాలి.

పగలు బాగా నడిపినవాళ్ళకి వేరే రోజు రాత్రి ఇరవై నిమిషాలు పెట్టండి. పగలు సరే, రాత్రి కాదు అని తేలడం మామూలే. అప్పుడు చీకటి పడ్డాక, వానలో నడపకూడదని ఒప్పందం చేసుకుంటే చాలు, కారు అమ్మక్కర్లేదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక డాక్టర్ సరేనంటే రాత్రి పరీక్ష మళ్ళీ పెట్టవచ్చు. అంతా బాగున్నవాళ్ళకి ఏడాదికోసారి ఈ పరీక్షలు పెడితే చాలు. పక్షవాతం, ఫిట్స్ లాంటివి వస్తే డాక్టర్ అనుమతి ఇచ్చేదాకా తాళం ఇవ్వకూడదు.

ఇక కాగితాల పని. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యూవల్‌కి పెట్టుకోవచ్చు. గడువు తీరాక 30 రోజులు చెల్లుతుందన్న పాత వెసులుబాటు 2019లో తీసేశారు కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. ఫారం 1ఎ మీద సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబర్‌తో ఇచ్చే డాక్టర్ మొహం కూడా చూడకుండా ఇస్తే ఆ కాగితం ఆఫీసుకి సరిపోతుందేమో గాని మీకు పనికిరాదు. రోజూ చూసే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికే, మందుల చీటీతో పాటు మీరు రాసుకున్న గీతల కాగితం కూడా పట్టుకెళ్ళండి.